పొద్దుటి కూతురు

"తొమ్మిదేళ్ళ పిల్లని బండిలో కూర్చోబెట్టి వీధి వెంట తోసుకుంటూ వెళ్తావా? నలుగురూ నవ్విపోరూ!"

భర్త ఈ మాట అన్నది నిన్న భోజనాల దగ్గర. ఈ పొద్దున వేడినీళ్ళలో తువ్వాలు ముంచి పిండుతుంటే అదే మాట మళ్ళీ ఆమె చెవిలో పడింది. తువ్వాలు పిండితే నీళ్ళు కారిపోతాయి గానీ మాటలు అలా కారిపోవు. వేళ్ళు చురుక్కుమంటున్నా ఆగకుండా పిండి, వేడి చల్లారకుండా మడతపెట్టి, గబగబా గదిలోకి వెళ్ళి, మంచం మీద ముడుచుకుని ఉన్న కూతురి మోకాళ్ళకి చుట్టింది.

"అమ్మా, కాలుతోందే."

"కాస్త కాలాలిలే. ఓర్చుకో, పిచికా."

ఇంట్లో అందరూ ఆ పిల్లని పిచిక అనే పిలుస్తారు. నోరు ఒక్క క్షణం ఊరుకోదని తండ్రి పెట్టిన పేరు. పొద్దున పూట మాత్రం ఆ నోట్లోంచి మాట రాదు. కళ్ళు తెరిచి పైకప్పు కేసి చూస్తూ, ఏ వేలు కదులుతుంది, ఏది మొరాయిస్తుంది అని తనలో తను వెతుక్కుంటూ పడుకుంటుంది.

రాత్రంతా కదలకుండా ఉన్న కీళ్ళు తెల్లారేసరికి తుప్పు పట్టిన తలుపు బందుల్లా బిగుసుకుపోతాయి. పిల్లల కీళ్ళవాతం అని డాక్టరమ్మ చెప్పి రెండేళ్ళు దాటింది. అప్పట్నుంచీ ఆమె పొద్దులన్నీ ఒకటే తీరు. మోకాళ్ళకీ చీలమండలకీ కాపడం పెట్టడం, పిడికిలి పడిపోయిన వేళ్ళని ఒక్కొక్కటే నెమ్మదిగా విప్పడం, బాత్రూముకి తీసుకెళ్ళడం, పళ్ళు తోమడం, గుండీలు పెట్టడం, జడ వెయ్యడం, మందు మింగించడం. ఈ మధ్యలోనే పొయ్యి మీద పాలు పొంగకుండా ఓ కన్ను అటు వెయ్యడం. అన్నీ అయ్యాక పిల్లని ఎత్తుకుని లిఫ్టులో దిగి, లిఫ్టు దగ్గర్నుంచి వీధి దాకా ఉన్న నిటారు మెట్లు దిగి, పావుగంట నడిచి బడిలో దించడం. తొమ్మిదేళ్ళ పిల్ల చంకలో ఇమడదు. కాళ్ళు తల్లి మోకాళ్ళ దాకా వేళ్ళాడుతుంటాయి. "ఇంత పిల్లని ఎత్తుకుంటావేంటమ్మా, గారాబం కాకపోతే!" అంటారు దారిలో కనపడ్డవాళ్ళు. ఆమె నవ్వి ఊరుకుంటుంది. జవాబు చెప్పాలంటే ఆగాలి. ఆగితే మళ్ళీ కదలడం కష్టం.

పొద్దెక్కే కొద్దీ కీళ్ళు వదులవుతాయి. మధ్యాహ్నానికి పిల్ల మామూలుగా నడుస్తుంది. సాయంత్రానికి సోఫా మీంచి దూకుతుంది. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. భర్త పని చేసే బ్యాంకు దూరంగా ఇంకో ఊళ్ళో. అతను ఎక్కే బస్సు పిల్ల లేవకముందే వెళ్ళిపోతుంది. అతను ఇంటికి వచ్చేసరికి తలుపు తీసేది గెంతుతూ వచ్చే కూతురు. అతనికి తెలిసింది సాయంత్రపు కూతురు ఒక్కతే. పొద్దుటి కూతుర్ని అతను ఎరగడు. సెలవు రోజైనా చూడొచ్చు, కానీ సెలవు రోజున ఆలస్యంగా లేస్తాడు, లేచేసరికి తువ్వాళ్ళు తీగ మీద ఆరుతుంటాయి. పోనీ తప్పంతా అతనిదే అందామంటే అదీ కుదరదు. వారమంతా కష్టపడే మనిషి, ఆ ఒక్కపూట నిద్ర పాడుచెయ్యడం ఎందుకని చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసింది ఆమె చెయ్యే.

అత్తగారిది ఇంకో లెక్క. ఆవిడకీ మోకాళ్ళ నొప్పులున్నాయి. "నాకు వచ్చాయంటే అర్థముంది. ఇన్నేళ్ళు అరగదీశాను. దానికి ఎక్కడ అరిగాయే మోకాళ్ళు? నన్ను చూసి నేర్చుకుంది, కోతిపిల్ల!" అని నవ్వేది మొదట్లో. తర్వాత్తర్వాత నవ్వు తగ్గి గొంతు మారింది. "పొద్దున మంచం దిగలేని పిల్ల సాయంత్రానికి తాడాట ఎలా ఆడుతుందే, అమ్మాయ్? జబ్బుకి కూడా డ్యూటీ టైములుంటాయా? నువ్వు ఎత్తుకుంటున్నావు కాబట్టి అది ఎక్కుతోంది. ఓ నాలుగు రోజులు ఎత్తుకోవడం మానెయ్, అదే నడుస్తుంది."

ఆ నాలుగు రోజుల పరీక్ష కూడా ఓసారి అయింది. రెండో రోజు పిల్ల మెట్ల మీద కూర్చుని, ఒక్కో మెట్టూ జరుగుతూ, పెదవి కొరుక్కుంటూ వీధిలోకి దిగింది. కింద నిలబడి ఉన్న తల్లిని చూసి, "చూశావా, వచ్చేశా!" అంది. ఆ పరీక్ష మూడో రోజు జరగలేదు.

ఇప్పుడు అసలు సంగతేమిటంటే, ఆమె నడుము పోతోంది. పది రోజుల క్రితం ఆ మెట్ల మీదే పిల్లతో సహా దిగుతుంటే నడుములో ఏదో కలుక్కుమంది. ఒక చేత్తో రెయిలింగు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. కళ్ళు చీకట్లు కమ్మాయి. పడిపోతే పిల్ల కింద, తను పైన. ఆ ఒక్క ఆలోచనే ఆమెని నిలబెట్టింది. చంకలో పిల్ల ఊపిరి బిగబట్టింది. కాసేపటికి, "నన్ను దించెయ్యమ్మా, నేను నడుస్తాలే," అంది, అప్పటికి ఆ కాళ్ళు మడత పడడమే లేదు.

డాక్టరమ్మకి ఈ సంగతి చెప్పకూడదనుకుంది. ఆవిడే పసిగట్టింది, కుర్చీలోంచి ఆమె లేచిన తీరు చూసి. "నడవగలిగినంతసేపూ పాపని నడవనివ్వండి. నడవలేని వేళ కూర్చోబెట్టి తీసుకెళ్ళండి. పెద్ద పిల్లల కోసమే చేసిన తోసే బళ్ళు, స్ట్రోలర్లంటారు, దొరుకుతాయి," అంది. ఆగి, "మీ నడుము సంగతి కూడా ఎవరో ఒకరు చూసుకోవాలి కదమ్మా," అంది. ఆమె సరేనని బయటికొచ్చి, వరండాలో బెంచీ మీద కాసేపు ఊరికే కూర్చుండిపోయింది. ఆమె నడుము గురించి ఎవరైనా మాట్లాడడం అదే మొదలు.

ఈ వారంలోనే బడిలో ఇంకోటి వచ్చిపడింది. ఇంకో మూడు రోజుల్లో క్లాసు పిల్లలందర్నీ జంతువుల పార్కుకి తీసుకెళ్తున్నారు. బస్సు పొద్దున్నే బయల్దేరుతుంది. "నడక చాలా ఉంటుందండీ," అంది టీచరు మొహమాటంగా. "ఎత్తుకునే మనిషి మా దగ్గర లేరు. కూర్చోబెట్టుకునే బండి ఏదైనా ఉంటే నేనే తోస్తాను. లేకపోతే మాత్రం..." ఆ మిగిలిన మాట పిల్ల వినకూడదని ఆపింది. పిల్ల వినేసింది. "నేను వెళ్ళన్లే. జిరాఫీలంటే నాకంత ఇష్టం లేదు," అంది ఇంటికొస్తూ. ఇంట్లో ఆ పిల్ల మంచం పక్క గోడ నిండా తను గీసిన జిరాఫీలే. 

అందుకే నిన్న భోజనాల దగ్గర బండి మాట ఎత్తింది. భర్త నవ్విపోరూ అన్నాడు. అయినా ఆమె వదల్లేదు. సరే, చూడ్డానికి డబ్బులేం అడగరుగా అని, ఇవాళ సెలవు కాబట్టి మధ్యాహ్నం అందరూ కలిసి వెళ్ళడానికి ఒప్పుకున్నాడు. అత్తగారు కూడా బయల్దేరింది. "అదేదో తోపుడుబండి నేనూ చూస్తా. కూరగాయలు కూడా పెట్టుకోవచ్చేమో!"

అక్కడే ఆమె పొరపాటు చేసింది. అది పొరపాటని అప్పుడు తెలీలేదు.

షాపులో అడుగు పెట్టగానే పిచిక రెక్కలు విప్పింది. అన్ని బళ్ళూ ముట్టుకుంది, చక్రాలు తిప్పింది, ఒకదాన్ని తోసుకుంటూ షాపు ఈ చివర్నుంచి ఆ చివరికి పరిగెత్తింది. షాపాయన నడివయసు మనిషి, కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని, "పాపాయి ఎక్కడుందండీ? ఎన్ని నెలలు?" అని అడిగాడు.

ఆమే కూతుర్ని చూపించింది.

ఆయన పరిగెత్తుతున్న పిల్లని చూశాడు, ఆమెని చూశాడు. ఏమీ అనలేదు. ఏమైనా అని ఉంటే బాగుండేదనిపించింది ఆమెకి. భర్త మొహం ఎర్రబడింది. నవ్వుతున్నట్టు పెట్టి, పళ్ళ మధ్య నుంచి, "చూశావా?" అన్నాడు. "నేను చెప్తే వినవు. ఆయన మొహం చూడు."

"కొంటే నాకు కొనరా, అబ్బాయ్. దర్జాగా ఎక్కి కూర్చుంటా," అంది అత్తగారు. అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా పిల్ల నవ్వింది. తండ్రి నవ్వితే ఆ పిల్ల ఎప్పుడూ నవ్వుతుంది.

చివరికి భర్త ఒక బూడిద రంగు బండి దగ్గర ఆగాడు. దానికి పైన లోతైన టోపీ, ముందు దించుకునే తెర ఉన్నాయి. "కొనక తప్పదంటే ఇది. ఆ తెర దించేస్తే లోపల ఎవరున్నారో తెలీదు. చంటిపిల్లనుకుంటారు."

"ఆ తెర వెనక నుంచి జిరాఫీ ఏం కనపడుతుందండీ?"

"ఆ ఒక్కరోజు బడి మానేస్తే కొంపలేం మునగవు. వచ్చే వారం తీరిగ్గా చూద్దాం." అతను షాపాయనకి చెయ్యి ఊపి బయటికి నడిచాడు.

మర్నాడు ఆమె ల్యాబుకి మళ్ళీ ఆలస్యంగానే వెళ్ళింది. అది కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబు. డాక్టర్లు పంపిన నోటి అచ్చుల మీద మైనం పోసి, పళ్ళు ఒక్కొక్కటే పేర్చి, సెట్టు కట్టడం ఆమె పని. గుమ్మంలోనే యజమాని గడియారం చూసి, "మీ పాప రోజూ పొద్దున్నే జబ్బు పడుతుందేంటమ్మా? కాస్త సాయంత్రం పడమనండి, మాకూ వీలుగా ఉంటుంది," అన్నాడు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఆమె కూడా నవ్వింది, అలవాటుగా. తన బల్ల దగ్గర కూర్చున్నాక ఆ నవ్వు నోట్లో చేదుగా మిగిలింది.

పక్క బల్ల దగ్గర మైనం కరిగించే మనిషిని అందరూ మైనమక్క అంటారు. ఆవిడ ఆ పూట కొత్తగా చేరిన పిల్లకి పని నేర్పుతోంది. "అచ్చు మీద ఎంత ముచ్చటగా కూర్చున్నా నమ్మకు. అచ్చుకి ఆకలెయ్యదు, మాట్లాడదు. మనిషి నోట్లో పెట్టి, కొరకమని, నాలుగు మాటలు మాట్లాడమని, ఎక్కడ గుచ్చుకుంటుందో అడిగాకే సెట్టు పూర్తయినట్టు. గుచ్చుకునేది వాళ్ళకి, మనకి కాదుగా."

ఆమె చేతిలో పన్ను అలాగే ఆగిపోయింది.

బండి చూడ్డానికి తను తీసుకెళ్ళింది మధ్యాహ్నపు పిల్లని. పళ్ళన్నీ చక్కగా ఉన్న మనిషికి కట్టుడు పళ్ళ సెట్టు పెట్టి చూసినట్టు. ఇన్నేళ్ళ పనిలో ఇంత తెలివితక్కువ పని ఎప్పుడూ చెయ్యలేదు. నొప్పి ఉన్న పిల్లని నొప్పి లేని వేళ తీసుకెళ్ళి, నొప్పి ఉందని నలుగురినీ నమ్మమంది. పైగా ఆ నలుగురూ మాట్లాడారు. తను మాట్లాడింది. ఎక్కి కూర్చోవాల్సిన మనిషిని ఒక్కమాట అడిగిన పాపాన ఎవరూ పోలేదు. తను కూడా.

భోజనాల వేళ వెనక మెట్ల మీద నిలబడి షాపాయనకి ఫోన్ చేసింది. రేపు పొద్దున్నే వస్తానంది. పది దాటితే గానీ షాపు తెరవనన్నాడు ఆయన.

"పదికి మా పాప బాగానే ఉంటుందండీ. బాగోలేనప్పుడే తీసుకురావాలి."

నవ్వుతాడేమోనని ఆమె ఫోన్ చెవికి కాస్త దూరంగా పట్టుకుంది.

"ఏ వేళకి బాగోదమ్మా?" అన్నాడు ఆయన.

ఆ ప్రశ్న అంత మామూలుగా అడగొచ్చని ఆమెకి ఎప్పుడూ తోచలేదు. వేళ చెప్పింది. వస్తానన్నాడు. తర్వాత యజమాని దగ్గరికి వెళ్ళి, రేపు ఇంకాస్త ఆలస్యమవుతుందని చెప్పింది. "రోజూ జరిగేదానికి ముందుగా చెప్పడం దేనికమ్మా?" అన్నాడతను. ఈసారి ఆమె నవ్వలేదు. నవ్వకపోయేసరికి అతనే తల దించుకుని కాగితాలు సర్దుకున్నాడు.

మర్నాడు టాక్సీ దిగేసరికి షాపు షట్టరు సగం ఎత్తి ఉంది. షాపాయన తల ఇంకా తడిగానే ఉంది. బళ్ళన్నీ వరసగా నిలబెట్టి, వాటి మధ్య ఒక కుర్చీ వేసి ఉంచాడు. "మీరు కూర్చోండమ్మా ముందు," అన్నాడు. తర్వాత, "లోపల పెట్టెలు సర్దుకోవాలి," అని వెళ్ళిపోయాడు. లోపల సర్దుతున్న చప్పుడేమీ వినపడలేదు.

ఆమె పిల్లని బూడిద రంగు బండిలో కూర్చోబెట్టింది. నడుముకి బెల్టు పెట్టింది. దాని ఎర్ర బొత్తాం నొక్కమంది. పిల్ల బిగిసిన వేళ్ళతో నొక్కింది. రెండు చేతుల బొటనవేళ్ళూ కలిపి నొక్కింది. బొత్తాం కదల్లేదు. ఒకవేళ దిగాలంటే ఎవరో ఒకరు వచ్చి విప్పాలి. ఎవరూ లేకపోతే ఆ టోపీ కింద, ఆ చీకట్లో అలా ఉండిపోవాలి.

"ఎలా ఉంది?"

"నాన్నకి ఇదే నచ్చిందిగా?" అంది పిల్ల.

"నాన్న సంగతి కాదు."

ఇంకోదాంట్లో కూర్చోబెట్టింది. "ఇది చూస్తే నానమ్మ ఏమంటుంది?" అంది పిల్ల. మూడోది గొడుగులా మడిచేసేది, చాలా తేలిక. పిల్ల కళ్ళు మెరిశాయి. "ఇది తీసుకుందామమ్మా. ఒక్క చేత్తో ఎత్తెయ్యొచ్చు. నీ నడుము నొప్పెట్టదు. నాకు ఇదే బావుంది."

పాదాలు ఆనడానికి ఆ బండికి చోటే లేదు. పిల్ల కాళ్ళు గాలిలో వేళ్ళాడుతున్నాయి. నొప్పికి మడమలు ఒకదానికొకటి నొక్కుకుంటోంది, తల్లికి కనపడకుండా.

మొదట ఆమె కళ్ళు చెమర్చాయి. నా తల్లే, నా నడుము గురించి ఎంత ఆలోచించిందో అనుకుంది. అంతలోనే ఇంకో సంగతి తట్టింది. ఇది ఎక్కడ నేర్చుకుంది? ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. రోజూ కళ్ళ ముందు చూసి నేర్చుకుంది. నాన్నకి నచ్చాలి, నానమ్మ ఏమీ అనకూడదు, అమ్మకి బరువు కాకూడదు. అందరి లెక్కా అయ్యాక, ఏమైనా మిగిలితే అదే తనకిష్టమని చెప్పాలి, నవ్వుతూ చెప్పాలి. తను పెళ్ళయ్యాక పదేళ్ళు పట్టి నేర్చుకున్న విద్య. ఆ పిల్లకి తొమ్మిదేళ్ళకే వచ్చేసింది. మందులిచ్చి, కాపడం పెట్టి, ఒక్కో వేలూ విప్పుతూ తను కీళ్ళు చూసుకుంటూ కూర్చుంది. పిల్ల లోపల బిగుసుకుపోతున్నది ఇంకోటుందని చూసుకోలేదు. దానికి ఏ డాక్టరమ్మా మందు రాయదు.

ఆమె కుర్చీ వదిలి బండి ముందు నేల మీద చతికిలపడింది. నడుము చురుక్కుమంది.

"నీకేది కావాలో చెప్పు. నీకు."

"నాకు తెలీదు."

"తెలిసేదాకా ఇక్కడే ఉంటాను."

"నీకు ఆఫీసు..."

"ఉండనీ."

పిల్ల అనుమానంగా చూసింది. ఇందులో ఏదో కిటుకుందనుకున్నట్టు తల్లి మొహం వెతికింది. ఆమె కదల్లేదు. యజమాని మొహం గుర్తొచ్చింది, పక్కకి తోసేసింది. వీధిలో ఒక్కో షాపే తెరుచుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది. చాలాసేపటికి పిల్ల చెయ్యెత్తి, మూలనున్న నారింజ రంగు బండిని చూపించింది, అదేదో తప్పయినట్టు.

అది అన్నిటికన్నా పెద్దది. చక్రాలు సైకిలు చక్రాల్లా ఉన్నాయి. సీటు బాగా ఎత్తు. టోపీ లేదు, తెర లేదు. అంత రంగు వీధి ఆ చివర్నుంచి కూడా కనపడుతుంది. దీన్ని చూస్తే ఇంట్లో ఏమవుతుందో ఆమె కళ్ళకి కట్టింది. అయినా పిల్లని ఎక్కించింది. పాదాలు పలక మీద ఆనాయి. బెల్టుకి బొత్తాం లేదు. అరచేత్తో తోస్తే పక్కకి ఒరిగే వెడల్పాటి పిడి ఉంది. పిల్ల మణికట్టుతో తోసింది. టక్కున విడిపోయింది. మళ్ళీ పెట్టుకుంది, మళ్ళీ విప్పింది. నెమ్మదిగా, పక్క కమ్మీ పట్టుకుని, తనంతట తను దిగింది. కాసేపు నిలబడి, తనంతట తనే ఎక్కింది.

"ఇదెందుకు నచ్చింది?"

"ఎత్తుగా ఉంది," అంది పిల్ల. "ఇందులో కూర్చుంటే మా క్లాసు వాళ్ళందరి మొహాలూ ఇక్కడుంటాయి." తన మొహం ముందు చెయ్యి అడ్డంగా పెట్టి చూపించింది. "ఎవరూ నా మీదకి వంగి, పెద్దగా అరుస్తూ మాట్లాడరు. నాకు చెవుడు లేదుగా అమ్మా."

ఆమె లేచి బండి ముందు వైపు పట్టుకుని ఎత్తి చూసింది. కదిలింది, అంతే. "ఇదే ఇవ్వండి," అంది లోపలికి వినపడేలా. డబ్బు తన జీతంలోంచి ఇచ్చింది.

సాయంత్రం భర్త వచ్చేసరికి అది హాల్లో, సోఫాకి ఎదురుగా ఉంది. అతను చెప్పులు విప్పకుండానే నిలబడిపోయాడు.

"ఎవర్నడిగి తెచ్చావు?"

"కూర్చునే మనిషిని అడిగి," అంది ఆమె వంటింట్లోంచే.

"ఆ రంగేంటే తల్లీ!" అంది అత్తగారు. "రోడ్లు తవ్వేవాళ్ళ చొక్కాలాగా! ఎవరైనా చూడకపోయినా పిలిచి చూపించేలా ఉంది."

"రేపు ఇది ఈ గుమ్మం దాటదు," అన్నాడు భర్త. గొంతు పెంచలేదు. అతను గొంతు పెంచకపోతేనే ఆ మాట ఖాయమని ఇంట్లో అందరికీ తెలుసు. "డబ్బు గురించి కాదు. దాని జీవితం గురించి. ఒకసారి ఇందులో కూర్చున్నదని పదిమందీ చూస్తే ఇక ఎప్పటికీ అదే పేరు పడిపోతుంది. ఇన్నాళ్ళూ బండి లేకుండా గడవలేదా?"

ఆమె కత్తిపీట పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చింది.

"ఇన్నాళ్ళూ ఈ ఇంట్లో బండి ఉందండీ. దానికి చక్రాలు లేవు కాబట్టి మీకు కనపడలేదు. అది నేనే."

అతను చెప్పులు విప్పి పక్కకి తోశాడు. "పొద్దున నేను ఇంట్లోనే ఉంటానుగా. చూద్దాం," అని లోపలికి వెళ్ళిపోయాడు. పార్కు బస్సు అతని బస్సుకంటే ముందు బయల్దేరుతుంది. అది ఆమెకీ గుర్తుంది.

తెల్లారింది. ఆమె తువ్వాళ్ళు పిండి, ఆవిరి పోకుండా మడిచి, ఈసారి భర్త గది తలుపు బార్లా తీసి, "ఏమండీ, లేవండి," అంది. గట్టిగానే అంది. అతను కళ్ళు నులుముకుంటూ వచ్చేసరికి చేతిలో ఒక తువ్వాలు పెట్టింది. "ఎడమ మోకాలికి. చల్లారిపోకముందే."

అతను మంచం దగ్గరికి వెళ్ళాడు. తండ్రిని చూడగానే పిల్ల గాభరాగా రెండు చేతులూ దుప్పటి కింద దాచేసుకుంది. అతను దుప్పటి తీశాడు. ఆ వేళ్ళు అతను చూడడం అదే మొదలు. పిట్ట కాళ్ళలా లోపలికి ముడుచుకుని ఉన్నాయి. విప్పబోయి, భయపడి వదిలేశాడు.

"నొప్పిగా ఉందా?"

"లేదు నాన్నా," అంది పిల్ల. నాన్నకి ధైర్యం చెప్పడానికి నవ్వింది కూడా. "నువ్వు సాయంత్రం ఇంటికొచ్చేసరికి తగ్గిపోతుందిలే. రోజూ తగ్గిపోతుందిగా."

అతను ఆ తువ్వాలు పట్టుకుని అలాగే కూర్చున్నాడు, అది చల్లారిపోయేదాకా. ఆమె ఇంకోటి తెచ్చిచ్చింది.

బండి గుమ్మం దాటింది. ఎవరూ ఆపలేదు. లిఫ్టు దిగాక, వీధిలోకి దిగే మెట్ల పైన మాత్రం అతను ఆగాడు. వీధిలో పొద్దుటి నడకకి వెళ్ళొచ్చిన ఇరుగుపొరుగు వాళ్ళు నిలబడి కబుర్లాడుకుంటున్నారు. నారింజ రంగు చూసి ఒక్కొక్కరే ఇటు తిరుగుతున్నారు.

"ఓ పని చెయ్యి," అన్నాడతను గొంతు తగ్గించి. "నువ్వు దాన్ని ఎప్పట్లాగే ఎత్తుకుని దిగు. వీళ్ళంతా వెళ్ళాక ఖాళీ బండి నేను తెచ్చి ఇస్తా."

ఆమె చేతులు అప్పటికే బెల్టు మీదకి వెళ్ళాయి. రెండేళ్ళ అలవాటు. మనసు ఒప్పుకోకముందే ఒళ్ళు ఒప్పేసుకుంటుంది. "నేను నడుస్తాలే అమ్మా," అంది పిల్ల, అటొకసారి ఇటొకసారి చూసి.

"నువ్వు కూర్చో," అంది ఆమె. చేతులు వెనక్కి తీసుకుంది. "నేను ఎత్తుకోనండీ. ముందు వైపు మీరు పట్టుకోండి."

అతను కదల్లేదు. ఆమె హ్యాండిలు పట్టుకుని నిలబడింది. కింద ఎవరో పలకరింపుగా చెయ్యి ఊపారు. పిల్ల తిరిగి ఊపింది. ఆమె భర్త కేసి చూడలేదు, బతిమాలలేదు, బస్సు వెళ్ళిపోతుందని తొందరపెట్టలేదు. పోతే పోనీ అని కూడా అనుకోలేదు. ఒక్కటే అనుకుంది, తను ఒక్కతే ఎత్తదు.

చివరికి అతను ముందుకొచ్చి, వీధికి వీపు పెట్టి, కమ్మీ పట్టుకున్నాడు. ఎత్తగానే మొహం మారింది. "అబ్బ! ఇంత బరువా?" అన్నాడు.

ఒక్కో మెట్టే దిగారు. ఇరుగుపొరుగు వాళ్ళు దారి ఇచ్చారు. "ఏమ్మా, ఎక్కడికి ప్రయాణం?" అని అడిగారు ఒకరు. పిల్ల చెప్పింది. వాళ్ళు నవ్వారు. మామూలు నవ్వు. జిరాఫీకి తమ నమస్కారం చెప్పమన్నారు.

కింద చక్రాలు నేలకి తగలగానే అతను చేతులు దులుపుకుని, "నా బస్సు తప్పిపోతుంది," అన్నాడు.

"నాకు రెండేళ్ళుగా తప్పుతూనే ఉందండీ." ఆమె హ్యాండిలు అతని వైపు తిప్పింది. "ఇవాళ నేను టైముకి వెళ్తాను. పార్కు బస్సు బడి వెనక గేటు దగ్గర ఉంటుంది. ఎటో తెలుసుగా?"

అతను నోరు విప్పేలోపలే పిల్ల వెనక్కి తిరిగి చూసింది.

"నేను చూపిస్తా నాన్నా. నువ్వు తొయ్యి."